కోటు సరే, ఆ బొంత ఎవరు కుట్టారో కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం అండి.

పోయిన ఆదివారం మీ పుస్తకంలో పాతకాలం ప్యాచ్‌వర్క్ కోట్ల మీద ఒక పేజీ వేశారు కదా, ఈ చలికాలం సరికొత్త ట్రెండ్ అని, దాని గురించే ఈ ఉత్తరం. నేను ఫోన్లో ఈ-పేపర్ చదువుతా, అక్షరాలు ఆనక రెండు వేళ్ళతో లాగి లాగి మరీ చదివా, ఎందుకంటే అది నా పనికి సంబంధించిన విషయం. చదివాక కాస్త కోపం వచ్చింది, కాస్త నవ్వొచ్చింది. కోపం సంగతి తర్వాత చెప్తా. నవ్వెందుకంటే అదే రోజు మీ మొదటి పేజీలో ఏదో కూటమి గురించి రాస్తూ "అతుకుల బొంత" అని ఇంత లావు అక్షరాలతో హెడ్డింగ్ పెట్టారు. అంటే మొదటి పేజీలో అతుకుల బొంత తిట్టు, లోపలి పేజీలో అదే బొంతకి చేతులు పెట్టి గుండీలు కుడితే ఫ్యాషన్. ఎట్లా అండీ ఇది?

నేను తెనాలిలో లేడీస్ టైలర్ని, మిషన్ మీద కూర్చుని ముప్ఫై ఏళ్ళు దాటింది, జాకెట్లు, లంగాఓణీలు, ఈమధ్య ఎక్కువగా ఆల్టరేషన్లు. ప్రస్తుతం మాత్రం అమెరికాలో బోస్టన్ దగ్గర మా అమ్మాయి వాళ్ళింట్లో ఉన్నా, మనవరాలిని చూసుకోడానికి వచ్చి. ఇక్కడ ఇంట్లో మిషన్ లేదు, చేతులు ఊరికే ఉండవు, అందుకే కనపడ్డ ప్రతి బట్టా తిరగేసి చూడడమే నా పని అయిపోయింది.

సెప్టెంబర్లో మా వాళ్ళు బ్రిమ్‌ఫీల్డ్ అనే ఊరికి తీసుకెళ్ళారు. ఏడాదికి మూడుసార్లు, మే, జులై, సెప్టెంబర్లలో, పాత సామాన్ల తిరనాళ్ళ జరుగుద్ది అక్కడ, రోడ్డుకి అటూ ఇటూ పొలాల్లో డేరాలే డేరాలు, కుర్చీలు, గడియారాలు, తుప్పు పట్టిన రంపాలు, బొమ్మలు, ప్రభలు లేవు గానీ నాకు కోటప్పకొండే గుర్తొచ్చింది. అక్కడ ఒక డేరాలో మా అమ్మాయికి ఒక కోటు నచ్చింది, మోకాళ్ళ దాకా ఉంది, చిన్న చిన్న పూల గుడ్డముక్కలు అతికిన పాత బొంతతో కుట్టింది. 140 డాలర్లు అన్నాడు. మా అల్లుడు ఆకాశంలోకి చూశాడు. నేను రూపాయల్లోకి లెక్కేసేలోపే మా అమ్మాయి అమ్మా నువ్వు లెక్కలేయొద్దు అని కార్డు గీకేసింది.

ఇంటికొచ్చాక ముందు దాన్ని లోపలవైపు తిప్పా. బట్టల షాపుకొచ్చిన వాళ్ళు పైన డిజైన్ చూస్తారు, టైలర్లం ముందు తిరగేస్తాం, కుట్టు అబద్ధం చెప్పదు కాబట్టి. అన్నీ ఆరు మూలల ముక్కలు, తేనెపట్టు లాగా. నడుమ పసుపు ముక్క ఒకటి, దాని చుట్టూ ఒకే పూల గుడ్డవి ఆరు, వాటి చుట్టూ మళ్ళీ ఇంకో వరస, అట్లా పువ్వు పువ్వుగా. ఇక్కడ దాన్ని గ్రాండ్‌మదర్స్ ఫ్లవర్ గార్డెన్ అంటారంట, నాయనమ్మ పూలతోట అన్నమాట, 1920లు 30లలో ఇంటింటా కుట్టిన డిజైన్. ఒక్కో ముక్క మన పాత రూపాయి బిళ్ళ కంటే కాస్త పెద్దది, అంతే. ఆ ముక్కల్ని ఒకదానికొకటి చేత్తో అతికి, మధ్యలో పల్చగా దూది పెట్టి, అడుగు గుడ్డతో కలిపి మళ్ళీ ప్రతి ముక్క అంచు లోపలగా చుట్టూతా కుట్టు. టేపు పెట్టి చూశా, అంగుళానికి తొమ్మిది కుట్లు, కొన్నిచోట్ల పది. మందపాటి గుడ్డలో, చేత్తో. నా దగ్గర పని నేర్చుకున్న పిల్లల్లో అట్లా కుట్టగలిగింది ఒక్కతే ఉంది, అది కూడా పెళ్ళై నరసరావుపేట వెళ్ళిపోయింది.

ఎడమ చేతి మీద ఒక వింత కనపడింది. ఒక నీలం పూల ముక్కలో వరసగా బెజ్జాలు, సమానమైన దూరంలో, పెద్దవి. అతుకు కాదు, చిరుగు కాదు, మరి ఆ బెజ్జాలు ఏందా అని చాలాసేపు చూశా. తర్వాత వెలిగింది. అది బస్తా కుట్టు! మన ఎరువుల బస్తా మూతి చూడండి, ఒక కొస దొరికించుకుని లాగితే సర్రున మొత్తం ఊడొస్తుంది కదా, అదే గొలుసు కుట్టు. దారం పోయింది, బెజ్జాలు మిగిలాయి.

ఇక్కడివాళ్ళని అడిగితే నిజమే అన్నారు. ఆ కాలంలో అమెరికాలో గోధుమపిండి, పంచదార, కోళ్ళ దాణా అన్నీ నూలుగుడ్డ సంచుల్లో వచ్చేవంట, పల్లెల్లో ఆడవాళ్ళు ఆ సంచులు విప్పి గౌన్లు, లోపలి బట్టలు, దిండు గలీబులు కుట్టుకునేవాళ్ళు. అది చూసి కంపెనీలు 1920ల నుంచి సంచుల మీదే పూలు, గళ్ళు అచ్చేయడం మొదలుపెట్టాయి, కంపెనీ పేరు ఉతికితే పోయే సిరాతో వేసేవాళ్ళు. ఒక పెద్ద సంచి విప్పితే గజం పైన గుడ్డ. ఒక గౌనుకి మూడు సంచులు కావాలి, మూడూ ఒకే పువ్వువి కావాలి, అందుకని కొట్టుకెళ్ళిన మొగుడికి ఈ పువ్వుదే పట్రా అని ముక్క కత్తిరించి ఇచ్చి పంపేవాళ్ళంట, బస్తాల దొంతరలో అడుగునున్న సంచి కావాలని కొట్టువాడి ప్రాణం తీసేవాళ్ళంట. (మన బ్లౌజ్ మ్యాచింగ్ సెంటర్ల దగ్గర బండి మీద కూర్చున్న మగవాళ్ళ మొహాలు గుర్తొచ్చాయి నాకు.) 1930ల్లో కరువు, ఉద్యోగాల్లేవు, ఏదీ పారేయడానికి లేదు. 1950ల తర్వాత కాగితం సంచులు వచ్చి ఆ ముచ్చట తీరిపోయింది. మా అమ్మ కూడా మైదా సంచి గుడ్డతో దిండు గలీబులు కుట్టేది, ఎన్ని ఉతుకులు ఉతికినా ఒక మూల ఎర్ర అక్షరాలు లీలగా ఉండేవి, చెంప కింద పెట్టుకుని పడుకునేవాళ్ళం.

ఇంకోటి, వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే దూదిలో నల్ల నలుసులు కనపడతాయి, పత్తిగింజ తునకలు. డేరా వాడు అది చూపించి గింజ తీసే మిషన్ రాకముందుది, అంటే రెండొందల ఏళ్ళ నాటిది అని మాకు చెప్పబోయాడు. అబద్ధం. చవక దూదిలో మిషన్ వచ్చిన తర్వాత కూడా గింజ నలుసులు వస్తూనే ఉన్నాయి, గుంటూరు జిల్లాలో పుట్టినదానికి జిన్నింగ్ మిల్లు దూది గురించి చెప్తాడా!

ఇప్పుడు కోటు సంగతి. బొంత కుట్టిన చెయ్యి వేరు, కోటు కుట్టిన చెయ్యి వేరు, అది చూడగానే తెలుస్తుంది. కోటు కుట్టినవాళ్ళు తెలివైనవాళ్ళే, కాదనను. బొంతకున్న పాత అంచు పట్టీని పారేయకుండా సరిగ్గా ముందు రెండు అంచులకీ వచ్చేట్టు కత్తిరించారు, బొంత నడిమి భాగం వీపు మీదకి తెచ్చారు, మందం ఎక్కువ కాబట్టి చంకలో గుండ్రంగా చెయ్యి ఎక్కించకుండా భుజం కిందకి జార్చి తిన్నగా కుట్టారు, అది మంచి ఆలోచన. కానీ పక్క కుట్లకి లోపల ఉత్త ఓవర్‌లాక్, అంటే అంచు పీచు లేవకుండా మిషన్ మీద కొట్టే కుట్టు, కొట్టి వదిలేశారు. పాతబడి మెత్తబడిన గుడ్డకి ఓవర్‌లాక్ ఆగుతుందా అండీ, క్రాస్ పట్టీ, అంటే ఐమూలగా కత్తిరించిన గుడ్డ పట్టీ, వేసి మడిచి కుట్టాలి. కుడి చంక కింద అప్పుడే నోరు తెరిచింది. ఇంక కాలర్ కింద లేబుల్ చూస్తే దాని మీద కోటు కుట్టిన షాపు పేరు, సైజు, పైగా "చేత్తో తయారైంది" అని. ఎవరి చేత్తో? అన్ని వందల ముక్కలు అతికిన ఆవిడ పేరు లేదు, ఊరు లేదు, కనీసం ఇది ఫలానా చోట దొరికిన బొంత అని కూడా లేదు.

నా కోపం కూడా అక్కడిదే. మీ వ్యాసంలోనూ అంతే. ఎవరో హీరోయిన్ వేసుకుంది, ఏ బూట్లు నప్పుతాయి, ఏ బ్యాగు పట్టుకోవాలి, అన్నీ రాశారు, అసలు ఆ గుడ్డ ఒకప్పుడు ఎవరో కప్పుకుని పడుకున్న బొంత అనే మాట ఒక్కచోటైనా లేదు.

కొత్త ట్రెండ్ అనే మాట సంగతి కూడా చూద్దాం. అమరావతి మాకు పక్కనే, చిన్నప్పుడు స్కూలు వాళ్ళు బౌద్ధ స్తూపం చూపించడానికి తీసుకెళ్ళారు. బుద్ధుడు ఒకసారి మగధలో వరిమళ్ళు, గట్లు చూపించి భిక్షువుల బట్టలు ఇట్లా ముక్కలు ముక్కలుగా కుట్టగలవా అని శిష్యుడు ఆనందుణ్ణి అడిగాడంట, అప్పట్నుంచి వాళ్ళ చీవరం అతుకులదే. అది తీసేయండి, మరీ వెనక్కి వెళ్ళిపోయాం. అమెరికాలోనే 1971లో న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో పాత బొంతల్ని గోడలకి పెయింటింగుల లాగా తగిలించి ఎగ్జిబిషన్ పెట్టారు, జనం విరగబడి చూశారు, కుట్టినవాళ్ళ పేర్లు మాత్రం చాలావాటికి లేవు. 1976లో ఆ దేశానికి రెండొందల ఏళ్ళు నిండాయని మళ్ళీ ఇంటింటా బొంతలు కుట్టారు, హిప్పీ పిల్లలు అప్పటికే ప్యాచ్‌వర్క్ లంగాలు, కోట్లు వేసుకుని తిరుగుతున్నారు. మీరు సరికొత్త అన్నది నా వయసుది.

ఈ మధ్య మళ్ళీ ఊపు వచ్చింది మాత్రం 2016లో ఎమిలీ బోడే అనే ఆవిడ న్యూయార్క్‌లో సొంత బ్రాండు మొదలుపెట్టాక, పాత బొంతలు, టేబుల్ గుడ్డలు, దుప్పట్లతో మగవాళ్ళకి కోట్లు, చొక్కాలు కుట్టింది. వాళ్ళ ఫ్యాషన్ డిజైనర్ల సంఘం 2021లోనూ 2022లోనూ మగవాళ్ళ బట్టల్లో మేటి డిజైనర్ అని ఆవిడకే అవార్డు ఇచ్చింది. కోటు వెయ్యి డాలర్లకి పైమాటే. ఆవిడ్ని చూసి ఎవరికి వాళ్ళు అమ్మమ్మల పెట్టెలు తెరిచారు, ఇంక కత్తెరలు ఆగలేదు.

అన్నిట్లోకీ నాకు నచ్చిన కథ ఒకటుంది, మీరు అది రాసుంటే నేను ఈ ఉత్తరం రాసేదాన్నే కాదు. 2021 సెప్టెంబర్లో న్యూయార్క్‌లో మెట్ గాలా అని పెద్ద ఫ్యాషన్ పండగ జరిగింది, రిహానా పక్కన ఏసాప్ రాకీ అనే పాటగాడు ఒంటి నిండా బొంత కప్పుకుని వచ్చాడు, నేలమీద ఈడుస్తూ. ఎలై రస్సెల్ లినెట్జ్ అనే డిజైనర్ చేసింది అది, బొంత పనికి జాక్ ఫోస్టర్ అనే బొంతల ఆయన సాయం చేశాడు, అసలు బొంత మాత్రం పాత బట్టలు అమ్మే కొట్లో దొరికింది. ఫోటోలు ప్రపంచం అంతా తిరిగాయి. అవి చూసి ఒకామె గుర్తుపట్టింది, ఇది మా ముత్తమ్మమ్మ కుట్టిన బొంత కదా, మేమే ఆ కొట్టుకి ఇచ్చేశాం కదా అని! ఆలోచించండి, ఊళ్ళో ఒక ముసలావిడ మనవల కోసం కుట్టిన బొంత, ఇంట్లోవాళ్ళకి అడ్డం అనిపించి ఇచ్చేసిన బొంత, రెడ్ కార్పెట్ ఎక్కితేగానీ ఇంట్లోవాళ్ళకే గుర్తు రాలేదు. ఇంకో తమాషా, ఆ ఏడాది అక్కడి మెట్రోపాలిటన్ మ్యూజియంలో అమెరికా ఫ్యాషన్ మీద పెట్టిన ఎగ్జిబిషన్‌కి కూడా ఒక బొంతే మూలం. ఎడిలీన్ హారిస్ సియర్స్ అనే అమ్మాయి 1856లో, పదిహేడేళ్ళ వయసులో మొదలుపెట్టి కుట్టింది, గొప్పగొప్పవాళ్ళకి చిన్న తెల్ల పట్టుముక్కలు పోస్టులో పంపి సంతకాలు చేయించుకుని ఆ ముక్కలు అతికింది, మొత్తం 360 సంతకాలు, ఎనిమిదిమంది అమెరికా ప్రెసిడెంట్లు ఉన్నారు అందులో, లింకన్‌తో సహా. పెద్దవాళ్ళ సంతకాలు కాబట్టి ఆవిడ పేరు నిలిచింది. బస్తాగుడ్డతో కుట్టిన మా కోటావిడకి సంతకం ఎవరు పెడతారు.

ఆ మాటే మా అమ్మాయితో అంటే నన్ను లోవెల్ తీసుకెళ్ళింది, ఇక్కడికి దగ్గరే, ఒకప్పుడు బట్టల మిల్లుల ఊరు. అక్కడ న్యూ ఇంగ్లండ్ క్విల్ట్ మ్యూజియం అని కేవలం బొంతల కోసమే ఒక మ్యూజియం ఉంది అండీ, 1987 నుంచి. బొంతలకి ఏసీ గదులు, ముట్టుకోవద్దని బోర్డులు. పక్కనే పాత మిల్లులో మగ్గాలు ఇంకా తిప్పి చూపిస్తారు, ఆ మోతకి చెవుల్లో దూది పెట్టుకోవాలి. ఆ మిల్లులకి పత్తి వచ్చింది దక్షిణాదిన బానిసలు చాకిరీ చేసిన పొలాల నుంచి.

దక్షిణాది అనగానే గీస్ బెండ్ గురించి చెప్పాలి. అలబామాలో నది మెలిక తిరిగిన చోట ఉన్న ఊరు, అందరూ ఆ బానిసల సంతతి నల్లవాళ్ళే, ఒకప్పటి దొర ఇంటిపేరు పెట్‌వే, ఊళ్ళో చాలామందికి ఇప్పటికీ అదే ఇంటిపేరు. అక్కడి ఆడవాళ్ళ బొంతల్లో పూలు గీలు ఉండవు, అరిగిపోయిన పని ప్యాంట్లు, మోకాలి దగ్గర వెలిసిన నీలం, జేబు ఊడదీసిన చోట ముదురు మచ్చ, అవే డిజైన్. 1942లో మిస్సోరి పెట్‌వే అనే ఆవిడ, మొగుడు చనిపోయాక అతని పొలం పని బట్టలన్నీ కోసి బొంత కుట్టుకుని అది కప్పుకుని పడుకుంది. ఫోటోలో చూశా. ప్యాంటు కాళ్ళు ప్యాంటు కాళ్ళలాగే తెలుస్తున్నాయి, పొడుగ్గా. కాసేపు ఏం మాట్లాడలేకపోయా. 1966లో ఆ చుట్టుపక్కల ఆడవాళ్ళు కలిసి ఫ్రీడం క్విల్టింగ్ బీ అని సొంత సంఘం పెట్టుకున్నారు, 2002లో వాళ్ళ బొంతలు హ్యూస్టన్ మ్యూజియంలో, తర్వాత విట్నీలో పెట్టారు, 2006లో పోస్టల్ స్టాంపులు వేశారు. ఈసారి పేర్లతో సహా. అంటే పేరు రాయాలనుకుంటే రాయొచ్చు అన్నమాట.

జపాన్లో ఇంకో రకం. ఉత్తరాన అమోరి వైపు చలికి పత్తి పండదు, జనపనార లాంటి ముతక బట్టలే గతి, ఓడల్లో దక్షిణం నుంచి వచ్చిన నూలు పేలికలే బంగారం. చిరిగితే మాసిక, మాసిక చిరిగితే దాని మీద మాసిక, తాత కోటు మనవడికి వచ్చేసరికి అసలు గుడ్డ ఎక్కడుందో తెలీదు. బోరో అంటారు. కాస్త డబ్బులొచ్చాక ఇళ్ళల్లో వాటిని సిగ్గుపడి దాచేశారు, తగలబెట్టేశారు. చుజాబురో తనాకా అని ఒకాయన ఊరూరా తిరిగి పోగుచేశాడు కాబట్టి మిగిలాయి, టోక్యోలో 2009 నుంచి 2019 దాకా ఒక మ్యూజియంలో పెట్టారు. ఇప్పుడు ఆ మాసికల కోటు పెద్ద పెద్ద కంపెనీలు కాపీ కొట్టే సరుకు. మాసిక వేసుకున్నవాడికి సిగ్గు, దాన్ని కొన్నవాడికి స్టైలు.

ఇంతకీ పాత బొంతల్ని కోయొచ్చా కూడదా అని ఇక్కడ బొంతలవాళ్ళ మధ్య పెద్ద గొడవే ఉంది. అమ్మేవాళ్ళ భాషలో కట్టర్ అని ఒక మాట ఉంది, సగం చిరిగి, మరక పడి, మంచం మీదకి పనికిరాని బొంత, కోసుకోడానికే అని. అది కోసి కోటు చేస్తే దానికి ఇంకో జన్మ వచ్చినట్టే, నాకేం అభ్యంతరం లేదు, నేను చేసేదీ అదే కదా, అమ్మ పట్టుచీర కూతురికి లంగాఓణీ, అంచు మనవరాలికి పరికిణీ. కానీ కోట్లకి గిరాకీ పెరిగేసరికి నిక్షేపంలాంటి బొంతలు కూడా కట్టర్లు అయిపోతున్నాయి. కోటుకి పోను మిగిలిన ముక్కలు పీలికలే, మళ్ళీ అతకలేరు. మా అమ్మాయి కోటు తిరగేసి చూస్తే చేతుల మీద రెండు చోట్ల తప్ప ఎక్కడా పాత చిరుగు లేదు. అది మంచి బొంత. ఇంకో యాభై ఏళ్ళు మంచం మీద ఉండేది. ఆ మాట మా అమ్మాయితో అనలేదు, మీతో అంటున్నా, ఇది చదివితే తెలుస్తుంది దానికి.

నేను నీతులు చెప్పేదాన్ని కాదు లెండి, నా సంగతి కూడా చెప్తా. మా అమ్మమ్మ బొంత కుట్టేది. ఎండాకాలం కోతలయ్యాక వాకిట్లో చాపలు పరిచి, అడుగున తాత పాత పంచె, మధ్యలో మెత్తబడిన లుంగీలు, తువ్వాళ్ళు, పైన నేత చీరలు, నాలుగు మూలలా రాళ్ళు పెట్టి, అంచు దగ్గర మొదలుపెట్టి లోపలికి లోపలికి కుట్టుకుంటూ పోయేది, దారం కూడా కొన్నది కాదు, పాత చీర అంచులోంచి లాగిందే. దబ్బనం గుడ్డలోకి దిగేటప్పుడు చిన్న చప్పుడు వస్తుంది, టక్కుమని కాదు, ఉప్పు నమిలినట్టు. పిల్లలం దాని మీద దొర్లుతుంటే కుట్టు చెదురుతుందని తిట్టేది. అట్లా కుట్టిన ఒక బొంత నాకు వచ్చింది, అందులో ఒక మంగళగిరి చీర ముక్క ఉండేది నిజాం బోర్డరుతో, అమ్మమ్మ పెళ్ళి నాటిది అని మా అమ్మ అనేది. నేనేం చేశాను? షాపు పెట్టిన కొత్తలో ఇస్త్రీ బల్ల మీదకి మెత్తగా ఏదైనా కావాలని దాన్ని నాలుగు మడతలేసి పరిచా. ఏడెనిమిదేళ్ళు దాని మీదే జాకెట్లు ఇస్త్రీ చేశా. ఒకరోజు కరెంటు పోయి వచ్చేసరికి పెట్టె దాని మీదే ఉంది, పెట్టె ఆకారంలో మాడిపోయింది. తీసి బయట పారేశా, ఒక్క ముక్క కూడా కోసి దాచలేదు. టైలర్ని అయ్యుండి! ఆ బెజ్జాల నీలం ముక్క చూసిన రాత్రి నాకు ఆ నిజాం బోర్డరే కళ్ళ ముందు తిరిగింది.

ఇండియాలో కూడా ఇప్పుడు ఇదే నడుస్తోంది, మీ విలేఖరికి కనపడలేదేమో. బెంగాల్ కాంతా బొంతలు, పాత చీరలవే, కోసి కోట్లు చేసి వింటేజ్ అని విదేశాలకి పంపుతున్నారు, ఈ బ్రిమ్‌ఫీల్డ్ లోనే ఒక డేరాలో చూశా, వాసన చూస్తే మన చీరే, నాఫ్తలిన్ ఉండల వాసనతో సహా. లంబాడీల అద్దాల పనిముక్కలు గోవా అంజునా సంతలో జాకెట్లయి వేలాడతాయి. కర్ణాటకలో సిద్ధీలనే వాళ్ళు కవందీ అని కుడతారు, బొంత నాలుగు మూలలా చిన్న త్రికోణాల పువ్వు పెడితేగానీ బొంతకి బట్టలు తొడిగినట్టు కాదంటారు వాళ్ళు, అది లేకపోతే బొంత దిసమొలతో ఉన్నట్టంట. ఎంత మంచి మాట! మన ఊళ్ళల్లో మాత్రం బొంతలు కుడతామమ్మా అని వీధుల్లోకొచ్చే ఆడవాళ్ళని గేటు బయటే వద్దు వద్దు అని పంపించేస్తున్నాం, ఆన్‌లైన్లో పాలిస్టర్ రజాయి వస్తుంది కదా.

మీ పేజీలో వేసిన ఫోటో సంగతి ఒకటి చెప్పి ముగిస్తా. అది అసలు ప్యాచ్‌వర్క్ కాదు అండీ. పెద్దది చేసి చూశా, ముక్కకీ ముక్కకీ మధ్య అతుకు నీడ లేదు, భుజం దగ్గర పక్క కుట్టు ఒక పువ్వుని సగానికి నరికేసింది, అదే పువ్వు మళ్ళీ మోచేతి కింద అచ్చు అట్లాగే వచ్చింది. అది అతుకుల బొమ్మ అచ్చేసిన ఒకే తాను గుడ్డ. ఇక్కడ దానికి చీటర్ క్లాత్ అనే పేరుంది, చీటింగ్ గుడ్డ, నూటయాభై ఏళ్ళకి పైగా ఉందంట ఆ మోసం. కొనుక్కోవడం తప్పేం కాదు, చవకలో వస్తుంది, మిషన్లో వేసి ఉతుక్కోవచ్చు. కానీ మీరు దాని కింద వింటేజ్ అని రాశారు. ఇంట్లో ఆడపిల్లలు అది చూసి ఏ ఆరువేలో పెట్టి కొంటారు. వాళ్ళకి తిరగేసి చూసుకోమని చెప్పండి, లోపల లైనింగ్ వేసి మూసేసి ఉంటే ఒక మూల విప్పి చూపించమని అడగమనండి, అతుకైతే లోపల అంచులుంటాయి, అచ్చైతే ఏమీ ఉండదు.

ఇంక ఆ హెడ్డింగ్ సంగతి, కూటములని తిట్టుకోండి, నాకేం లేదు, వేరే మాట వెతుక్కోండి. గంతకు తగ్గ బొంత అని ఉండనే ఉంది, కావాలంటే అది వాడుకోండి, అందులో కనీసం బొంత కొలత సరిపోయింది.

కోటుకి కుడి చంక విప్పి క్రాస్ పట్టీ వేసి కుట్టేశా, చేత్తోనే, మూడు రోజులు పట్టింది. పట్టీకి గుడ్డ నా దగ్గరున్న మంగళగిరి జాకెట్టు ముక్కే, వేరే ఏదీ దానికి కలవలేదు. షాపు లేబుల్ పీకలేదు, అది వాళ్ళ పని, ఉండనీ. దాని కింద తెల్ల గుడ్డముక్క ఒకటి కుట్టి దాని మీద దారంతోనే మూడు గీతలు రాశా. పైన బొంత అని రాసి పక్కన ఖాళీ వదిలా, తర్వాత గీతలో బ్రిమ్‌ఫీల్డ్, సెప్టెంబర్, కింద గీతలో చంక మాసిక, అమ్మ, తెనాలి. మా అమ్మాయి ఖాళీ ఎందుకు వదిలావు అంది. ఏసాప్ రాకీ బొంత సంగతి చెప్పా. అది నవ్వి కోటు వేసుకుని ఆఫీసుకి పోయింది. వాషింగ్ మిషన్లో మాత్రం వేయనివ్వొద్దని మా అల్లుడికి చెప్పి వస్తున్నా.

ఇట్లు,
ఒక లేడీస్ టైలర్,
తెనాలి (ప్రస్తుతం అమెరికాలో, సంక్రాంతికి వచ్చేస్తా)